చేతులతో కట్టి, కాళ్లతో దింపాలి

సొంతంగా కట్టుకున్న విమానం దిగేటప్పుడు దెబ్బతిందంటే అందరూ ముందు కట్టినవాడి పనితనాన్నే అనుమానిస్తారు. డాలస్ దగ్గర మా మిత్రుడొకాయన ఆర్‌వీ-7 అనే చిన్న విమానం కడుతుంటే వారాంతాల్లో వెళ్లి బకింగ్ బార్ పట్టేవాణ్ని. రివెట్టుకి ఒకవైపు ఆయన గన్ను, రెండోవైపు నా ఇనప దిమ్మ. నా కంటికి బాగానే ఉన్న రివెట్టును కూడా తల వంకరగా అణిగిందని డ్రిల్లు పెట్టి తీసేసేవారు. అంత పట్టింపు ఉన్న మనిషి విమానం మొన్న పక్కగాలిలో దిగుతూ రన్‌వే మీద గిర్రున తిరిగిపోయింది. ఒక చక్రం కాడ మడతపడింది, రెక్క కొస గీసుకుపోయింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది. ఆయనకేం కాలేదు. రివెట్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఆర్‌వీ-7కి పెద్ద చక్రాలు రెండూ ముందు, చిన్నది తోక కింద. బరువంతా పెద్ద చక్రాలకు వెనకపక్కన ఉంటుంది. ఆటోను గంటకు 80 కిలోమీటర్ల వేగంతో రివర్సులో పోనిచ్చినట్టు ఊహించుకోండి. ముక్కు కాస్త పక్కకు తిరిగిందా, వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పేస్తుంది. సరిదిద్దుకోవాల్సింది రడ్డర్ పెడళ్ల మీది కాళ్లతోనే, అదీ తిరుగుడు ముదరకముందే.

ముక్కు చక్రమే పెట్టుకోవచ్చుగా అంటారా? పెట్టుకోవచ్చు, అప్పుడది ఆర్‌వీ-7ఏ. కానీ ఎగుడుదిగుడు నేల మీద ఆ ముక్కు చక్రం కాడ వెనక్కి మడుచుకుని విమానాలు వెల్లకిలా పడ్డాయి. అద్దపు కప్పు నేలకు అదుముకుపోతుంది కాబట్టి దాన్ని పగలగొట్టే సుత్తి కొందరు సీటు పక్కనే ఉంచుకుంటారు. నన్నడిగితే వెల్లకిలా పడడం కంటే గిర్రున తిరగడమే నయం. పైలట్‌ని కాను గనక అనడం సులువే.

అసలు చిక్కు కట్టడానికి పట్టే ఏళ్లలో ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేయాలి. ఉద్యోగం చేసుకుంటూ కట్టేవాళ్ల సాయంత్రాలూ డబ్బూ గరాజ్‌కే పోతాయి, ఎగరడం తగ్గిపోతుంది. చేతులు రాటుదేలేలోగా కాళ్లు మొద్దుబారతాయి. ఆ కాళ్లతోనే అంతవరకు ఎవరూ ఎగరేయని విమానాన్ని దింపాలి. పైగా మొదటి 25 లేదా 40 పరీక్షా గంటలు ఒంటరిగా ఎగరాలన్నది చాలాకాలం ఉన్న పద్ధతి. అర్హతగల మరో పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకున్నది 2014లో. అంత ఆలస్యం ఎందుకో నాకిప్పటికీ మింగుడుపడదు.

వేరొకరు కట్టింది కొనుక్కున్నవాళ్ల కథ వేరు. 2011లో అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పరిశోధించిన ఇలా సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల్లో సగానికి పైగా సెకండ్‌హ్యాండ్‌వే. 1997లో గాయకుడు జాన్ డెన్వర్ ప్రాణం తీసిన లాంగ్-ఈజీ విమానం కూడా అలా కొన్నదే. కట్టినతను ఇంధన ట్యాంకు మార్చే పిడిని నమూనాలో ఉన్నచోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. దాన్ని అందుకోవడానికి వెనక్కి తిరుగుతుంటే కుడికాలు తెలియకుండానే రడ్డర్ పెడల్ మీద బిగిసిందని దర్యాప్తులో తేల్చారు. అక్కడా కాళ్లే.

మా మిత్రుడి లైకమింగ్ ఇంజన్ ఇప్పుడు పూర్తిగా విప్పి చూడాలి. ప్రొపెల్లర్ నేలకు తగిలితే అదే క్షేమం. రెక్క కొస ఆయనే బాగుచేసుకుంటారు. ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టడానికి కావలసిన సర్టిఫికెట్ కూడా ఆయన దగ్గరుంది. బీమా కంపెనీవాళ్లు మాత్రం మళ్లీ ఎగిరేముందు తోకచక్రం విమానంలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కొన్ని గంటలు కూర్చుని రమ్మన్నారట. "నా విమానం గురించి వాళ్లకేం తెలుసండీ?" అని ఆయనకు ఉక్రోషం. నాకైతే ఆ షరతు బాగా నచ్చింది.