సీసపు బిళ్ల మీద ఏనుగు నడక

బంగారం మీద బొమ్మ బాగా కుదిరిందంటే సగం పేరు ఆ లోహానికే ఇవ్వాలి. సీసం అలా కాదు. మెత్తన, మసక, మెరుపు లేదు. అలాంటి సీసంతో చేసిన చిన్న బిళ్ల మీద తొండమెత్తి అడుగు ముందుకేస్తున్న ఏనుగును నిలబెట్టినవాడు శాతవాహనుల అచ్చుపనివాడు. జంతువుల బొమ్మలున్న పాత నాణేలు కూడబెట్టేవాళ్లలో ఏథెన్స్ గుడ్లగూబ కోసం అప్పులు చేసేవాళ్లున్నారు. పులిని కొడుతున్న సముద్రగుప్తుణ్ణి, ఖడ్గమృగాన్ని వేటాడుతున్న కుమారగుప్తుణ్ణి చూసి మైమరచిపోయేవాళ్లున్నారు. మురిసిపోనివ్వండి, అవీ గొప్ప పనులే. నన్నడిగితే మాత్రం మన సీసపుటేనుగు ముందు అవన్నీ దిగదుడుపే.

ఆ పనిలో ఉన్న కష్టం తెలిస్తే ఈ మాట అతిశయం అనిపించదు. నాణెం మీద ఏనుగు కుడివైపు నడవాలంటే అచ్చులో అది ఎడమవైపు నడవాలి. నాణెం మీద పొట్ట ఉబ్బాలంటే అచ్చులో అక్కడ లోతుగా తవ్వాలి. రాజు పేరు బ్రాహ్మీ అక్షరాల్లో ఏనుగు వీపు మీదుగా వంపు తిరగాలి, అదీ తలకిందులు కాకుండా అద్దంలో చూసినట్టు తిరగబడి. ఇంత చేసి, ఆ అచ్చు కింద బిళ్ల పెట్టి ఒక్క దెబ్బ కొట్టాలి. బిళ్ల కాస్త జరిగిందా, తొండం ఉంటుంది, తోక ఉండదు. బాగా పడిన నాణెం మీద భుజం కండ వేరుగా, మోకాలి మడత వేరుగా కనిపిస్తాయి. ముందు కాలు నేల మీద ఆనీ ఆనకుండా ఉంటుంది. ఏనుగును దగ్గర నుంచి చూడనివాడి చేతికి ఆ నడక రాదు. ఆ పనివాడి పేరు ఏ శాసనంలోనూ లేదు.

బొమ్మ ఒకవైపు, బొరుసున నాలుగు వలయాల ఉజ్జయినీ చిహ్నం. సీసంతో పాటు రాగి, తగరం, సీసం కలిపిన పోటిన్‌తోనూ ఈ నాణేలు వేశారు. చాలాసార్లు బిళ్ల కంటే అచ్చు పెద్దది. అందుకే రాజు పేరు పూర్తిగా పడిన నాణెం దొరకడం అదృష్టం. ఒకదాని మీద ‘రఞో సిరి’ వరకు, ఇంకోదాని మీద ‘సాతకణిస’ మాత్రమే. ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి, ఏటవాలు వెలుతురులో తిప్పుతూ చదువుకోవాలి. 1939లో విదర్భలోని తర్హాళలో బయటపడ్డ పోటిన్ నాణేల రాశిని అలా చదివితేనే కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి అనే రాజులు వెలుగులోకి వచ్చారు. పురాణాలు ఆ పేర్లు చెప్పలేదు. ఏనుగులు మోసుకొచ్చాయి!

మన దగ్గర కోటిలింగాల సంగతి అంతకన్నా గొప్పది. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున వాన వెలిసిన మట్టిలో దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి, వాటిలో ఛిముకుడి పేరు చూపించారు. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే శ్రీముఖుడు అతడేనని ఎక్కువమంది పండితుల మాట. గోబద, నారన, కంవాయ, సమగోప లాంటి స్థానిక రాజుల పేర్లు కూడా అక్కడే తేలాయి. అంతకుముందు 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం రాప్సన్ వేసిన జాబితా ఈ రంగంలో అందరికీ దారి చూపించిందన్నది నిజమే. అయినా కోటిలింగాల ఆయన చూడలేదు. అదే జిల్లాలోని పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాలూ చూడలేదు.

ఏనుగు ఒక్కటే కాదు. కృష్ణా గోదావరి తీరాల సీసపు నాణేల మీద సింహం ఉంది, గుర్రం ఉంది. నాసిక్ శాసనం శాతవాహన రాజు గౌతమీపుత్రుడి వాహనాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయంటుంది. ఆ గుర్రం బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. కోస్తాలో ఏలిన సద రాజుల సింహం, ఆ తర్వాత విష్ణుకుండినుల ముందు కాలెత్తిన సింహం వేరు వేరు జాతులు. అలవాటైన కన్ను దూరం నుంచే పట్టేస్తుంది. ఇక తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడి నాణెం పల్చటి రేకు. నడుమ వరాహం, చుట్టూ రాజు పేరులోని ఒక్కో అక్షరాన్నీ విడివిడి ముద్రతో గుద్దారు. అవి అరకాన్, సయాం దాకా వెళ్లి అక్కడి నేలలో దొరికాయి. బంగారం గురించి మొదట నేనన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించేది ఈ వరాహం దగ్గరే. అయినా తీసుకోను.

పాఠ్యపుస్తకాలు మాత్రం శాతవాహన రాజు యజ్ఞశ్రీ ఓడ బొమ్మ నాణెం దగ్గరే ఆగిపోతాయి. ఓడకున్న పేరు ఏనుగుకు లేదు.

ఇంత పని చేతిలో పెట్టుకుని ఇవాళ మనం చేస్తున్నదేమిటి? సంతల్లో, గుళ్ల ముందు 1818 అని రాసి, ఈస్టిండియా కంపెనీ పేరుతో ఆంజనేయస్వామి నాణేలు అమ్ముతున్నారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. అది నకలు కూడా కాదు, ఎందుకంటే అసలంటూ ఉంటే కదా! అలాంటివాటికి ‘రైస్ పుల్లింగ్’ శక్తి ఉందని, బియ్యపు గింజలను లాగుతాయని చెప్పి లక్షలు గుంజే ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. నాణేనికి ఉన్న శక్తి ఒక్కటే, చదివించుకోవడం. చదవడం రానివాడికే అది బియ్యం లాగుతుంది.

ఇంకో రకం మోసగాళ్లు ఉన్నారు, వీళ్లు మరీ ప్రమాదం. సీసం వంటింటి పొయ్యి మీద కరుగుతుంది. అసలు నాణేన్ని మూసలో ఒత్తి, సీసం పోసి, మట్టిలో కొన్నాళ్లు పాతిపెట్టి తీస్తే కొత్తవాడి కంటికి రెండువేల ఏళ్ల వయసు వచ్చేస్తుంది. కానీ అంచు చుట్టూ తిరిగి చూడండి. మూస కలిసిన గీత కనిపిస్తుంది, గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. ఏనుగు కాళ్ల మధ్య అంచులు పదునుగా ఉండవు, సబ్బులా జారిపోతాయి. రెండు నాణేలు బిళ్ల ఆకారంతో సహా, గీతకు గీత ఒకేలా ఉన్నాయంటే ఆ రెంటినీ అనుమానించండి. చేత్తో కొట్టిన బిళ్లలు అలా కవలలుగా పుట్టవు.

మంచి మనసుతో పాడుచేసేవాళ్లను ఏమనాలో తెలియదు. పూజగదిలో రాగి చెంబు తోమినట్టు నాణేన్ని చింతపండుతో తోమేస్తారు. ఆ పులుపు సీసాన్ని తినేస్తుంది. భుజం కండ, మోకాలి మడత అన్నీ పోయి బూడిద రంగు దిమ్మ మిగులుతుంది. చెక్క పెట్టెలో దాచినా ముప్పే. చెక్కలోంచి వచ్చే ఆమ్లాల ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. చవక ప్లాస్టిక్ కవర్లూ అంతే. ఆమ్లం లేని కాగితపు పొట్లం చాలు, తేమ తగలకుండా చూసుకుంటే చాలు.

పొలంలో దొరికితే? 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటి నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఈ రెండూ తెలియని సేకర్త దగ్గర ఎంత మంచి ఏనుగు ఉన్నా నేను చూడటానికి వెళ్లను. ఎక్కడ దొరికింది, దాంతో పాటు ఇంకేం దొరికాయి అన్న రెండు ముక్కలు రాసి ఉంచని నాణెం సగం మూగది. మెటల్ డిటెక్టర్‌తో రాత్రిళ్లు దిబ్బలు తవ్వేవాడు ఆ సగాన్నే చంపేస్తున్నాడు. అతని దగ్గర కొనేవాడికీ ఆ పాపంలో వాటా ఉంది.

మ్యూజియంల పెద్దలకు ఒక విన్నపం. గుట్టగా పోసి, ‘సీసపు నాణేలు, శాతవాహన’ అని ఒక్క చీటీ అంటించి, పైన ట్యూబ్‌లైటు వేస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. ఒక్క మంచి నాణెం ఎంచండి. పక్క నుంచి వెలుతురు పడేలా దీపం పెట్టండి, పైన భూతద్దం బిగించండి, పెద్ద ఫొటో వేసి బ్రాహ్మీ అక్షరం కింద తెలుగు అక్షరం రాయండి. బడిపిల్లలను ఓడ దగ్గరికి తీసుకెళ్లే ముందు అక్కడ ఆపండి.