పురుగుకు, బండికి, బురుజుకు

పాత ప్రబంధ కవులు కథలోకి దిగే ముందు ఇష్టదేవతను తలచుకునేవారు. పూర్వకవులకు మొక్కి, కుకవులకు నాలుగు చీవాట్లు పెట్టి, షష్ఠ్యంతాలు చదివి కృతిపతికి అంకితమిచ్చేవారు. ఆదివారం తెల్లారకముందే కెమెరా సంచీ భుజాన వేసుకుని బయల్దేరే మాబోటి వాళ్లకు కృతీ లేదు, కృతిపతీ లేడు, పైసా రాబడీ లేదు. అయినా ఆ వరస ముచ్చటగా ఉంటుంది. అలాగే కానిద్దాం.

ముందుగా వెలుగుకు దండం. పొద్దున్నే ఏటవాలుగా దిగి, తూనీగ రెక్కల గళ్లలో నిలిచిన మంచుచుక్కలకు ఒక్కొక్కదానికీ ఒక్కో సూర్యుణ్ణి పంచిపెట్టే వెలుగుకు. ఓరుగల్లు కోటలో కాకతీయుల తోరణం మీద పక్కనుంచి పడి, నిద్రపోతున్న చెక్కడాన్ని లేపి నిలబెట్టే వెలుగుకు. ప్లాట్‌ఫారం చివర ఆగి ఉన్న ఇంజను నుదుటి మీద, వైపర్ల నీడతో సహా, బొట్టు పెట్టే వెలుగుకు. మిట్టమధ్యాహ్నపు ఎండను మాత్రం దేవతగా ఒప్పుకోను. అది రాతిని చదును చేస్తుంది, రెక్కను పాలిపోయేలా చేస్తుంది, మనిషిని కొబ్బరిబోండాల బండి దగ్గరికి తరుముతుంది.

ఇక పూర్వకవులు. 1838లో పారిస్ వీధిని కిటికీలోంచి బంధించిన డాగేర్‌కు నమస్కారం. ఆ రోజుల్లో ఒక్క బొమ్మకు నిమిషాలు పట్టేది. వీధి నిండా కదులుతున్న గుర్రపు బండ్లూ, నడిచిపోతున్న జనమూ ఫలకం మీద పొగలా కరిగిపోయారు. మేడలు మిగిలాయి. బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఒకచోట కాలు మోపి నిలబడ్డ మనిషి ఒకడు మిగిలాడు. పురుగు, బండి, కట్టడం: నేను కొలిచే ఈ ముగ్గురిలో ఆనాడు కెమెరాకు చిక్కింది కట్టడం ఒక్కటే. బండికి అంత ఓపిక లేదు, పురుగును ఆ దూరం నుంచి ఎవరు చూడొచ్చారు!

మన ఊరి పెద్దకవి రాజా దీన్‌దయాళ్. 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదుకు వచ్చి ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోగ్రాఫరై, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందినవాడు. గాజు పలకలు, పెద్ద పెట్టె కెమెరా, ముక్కాలిపీట మోయించుకుంటూ తిరిగి, రాజభవనాల గీతలు గీతల్లాగే నిలువుగా నిలబెట్టాడు. గోడను నిటారుగా చూపించడం ఎంత కష్టమో లెన్సు పైకెత్తినవాడికే తెలుసు. ఎత్తగానే నాలుగు మినార్లూ ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుతున్నట్టు లోపలికి వంగిపోతాయి.

కుకవి నింద క్లుప్తంగా. కదలకుండా ఉంటుందని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, మత్తెక్కాక పువ్వు మీద కూర్చోబెట్టి తీసేవాడు. రైలు వస్తుంటే పట్టాల మీద నిలబడి రీలు చేసేవాడు. నాలుగువందల ఏళ్ల సున్నపు పూత మీద మేకుతో తన పేరూ, బాణం గుచ్చిన గుండే గీసి, ఆ పక్కనే నవ్వుతూ నిలబడేవాడు. చాలు, వీళ్ల గురించి ఇంతకన్నా సిరా దండగ.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను, పురుగూ. కరివేపాకు చెట్టు కిందికి, మోకాళ్ల మీద.

నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క అంచున ఇటుకరంగు చుక్క ఉన్న నిమ్మ సీతాకోకచిలుక నీ తల్లి. నువ్వేమో పుట్టిన కొత్తలో అచ్చం పిట్టరెట్టవి. అదే నలుపు, అదే నిగనిగ, నడుమ అదే తెల్లచార. ఏ పిట్టయినా తను విడిచినదాన్ని తను ముక్కుతో పొడుచుకోదు గదా! ఎదిగాక ఆ వేషం విడిచి ఆకుపచ్చ కట్టుకుంటావు. ఎవరైనా కదిలిస్తే తల వెనక నుంచి నారింజరంగు జంటకొమ్ములు తడితడిగా బయటికి పొడుచుకొస్తాయి, ఘాటుగా వాసన కొడతాయి, చూస్తుండగానే లోపలికి పోతాయి. జానెడు దూరంలో నా లెన్సు. ఇంత దగ్గర్లో స్పష్టంగా పడే మందం మిల్లీమీటరు, మహా అయితే రెండు. కొమ్ము కొస తేరుకుంటే కన్ను మసక, కన్ను తేరుకుంటే కొమ్ము మసక. ఊపిరి పీల్చినా ఫోకసు జారుతుంది. అందుకే ఊపిరి బిగబట్టడమే ఇక్కడి ప్రాణాయామం. వేలకు వేలు పోసి మాక్రో లెన్సు కొనలేనివాడికి, పాత లెన్సును తిరగేసి బిగించే రింగు ఒకటి దొరుకుతుంది. ఫ్లాషు ముందు తెల్లటి పాలప్యాకెట్టు కవరు కడితే వెలుగు మెత్తబడుతుంది. ఈ కొలువులో పేదవాడికీ చోటుంది.

తొలకరికి ఎర్రమఖమల్ తొడుక్కుని చేలగట్ల మీదికి వచ్చే ఆరుద్ర పురుగూ, నీకూ దండం. నీకు ఎనిమిది కాళ్లున్నాయి కాబట్టి నువ్వు కీటకాల లెక్కలోకి రావంటారు శాస్త్రజ్ఞులు. నా కెమెరాకు ఆ పంక్తిభేదం లేదు. విషపు పాలున్న జిల్లేడు ఆకు తిని, ఆ చేదును ఒంట్లో దాచుకుని పిట్టల నోటికి దొరక్కుండా బతికే చారల గొంగళీ, నీ భోజనానికి దండం.

బండీ, నీ దగ్గర మోకరిల్లడం కుదరదు, నడుము తిప్పాలి. రాజమండ్రి గోదావరి గట్టున సాయంకాలం నిలబడితే మూడు కాలాల వంతెనలు కంటపడతాయి. 1900లో రైలు ఎక్కించుకున్న హేవ్‌లాక్ వంతెన 1997లో పని విరమించి, పట్టాల బరువు లేని ఒళ్లు విరుచుకుంటూ నీళ్లలో ఉంది. 1974 నాటిది పైన రోడ్డునూ కింద రైలునూ మోస్తోంది. విల్లులు వరసగా వంచిన కాంక్రీటుది అందరికన్నా చిన్నది. లాలాగూడ షెడ్డు పేరు రాసుకున్న డబ్ల్యూఏపీ-7 ఇంజను ఆ విల్లుల్లోకి దూరగానే, షట్టరును సెకనులో ముప్పయ్యో వంతుకు దించి, దాని వేగంతోనే భుజాలు తిప్పుతూ నొక్కాలి. కుదిరిన రోజున ఇంజను నిశ్చలం, ప్రపంచమంతా పరుగు. వంతెనా, నదీ, ఆకాశమూ అడ్డగీతలైపోతాయి. కిటికీలో మోచెయ్యి ఆనించిన ప్రయాణికుడు మాత్రం తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుని ఉంటాడు.

రైలుకు భక్తులు ఎక్కువ. నా పక్షపాతం బస్సు మీద. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసుకు వారసురాలు మన ఆర్టీసీ. నంబరు పలక మీది ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెప్పుకుంటారు. రోజూ ఎక్కినవాళ్లు కూడా బస్సును ఫొటో తీసి ఉంచుకోరు. గోపురం కూలితే వార్త అవుతుంది. బస్సు తుక్కుకు పోతే దాని ముఖం ఎలా ఉండేదో పదేళ్లకు ఎవరికీ గుర్తుండదు. హైదరాబాదులో పాత డబుల్ డెక్కర్ పై అంతస్తు ముందు సీటు కోసం కొట్టుకున్న పిల్లలు ఇప్పుడు దాని ఒక్క ఫొటో కోసం తెలిసినవాళ్లందరినీ అడుగుతున్నారు. అందుకే పల్లె వెలుగు బస్సు రేకు మీది సొట్టా, గాజు వెనక రూటు బోర్డూ, లారీ బంపరుకు వేలాడే దిష్టి జడా, ఎండిన నిమ్మకాయా, నాకు శాసనాలతో సమానం.

కట్టడమా, నిన్ను తీయడమే అన్నిటికన్నా గడ్డు. నువ్వు ఎక్కడికీ పోవు, నిన్ను ఇప్పటికే అందరూ తీశారు. 1591 నాటి చార్మినార్ ముందు కొత్త చోటు వెతుక్కోవడం కన్నా కందిరీగను బతిమాలడం తేలిక. కానీ పాలంపేటకు వెళ్లిన రోజున పురుగుల కోసం కొన్న లెన్సును సంచీలోంచి తీసి, రామప్ప గుడి స్తంభానికి గురిపెట్టండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గుడి. దూరం నుంచి తీసిన గోపురం ఫొటోలు పోస్టుకార్డుల నిండా ఉన్నాయి. దగ్గరికి జరిగితే అద్దంలా నునుపెక్కిన నల్లరాతిలో చెక్కిన తీగకూ దాని వెనక రాతికీ మధ్య సూది దూరేంత సందు. ఆ సందు అవతల మళ్లీ చెక్కడం. ఎవరికీ కనబడదని తెలిసి కూడా ఉలి అక్కడిదాకా వెళ్లింది. ఆ శిల్పికీ మిల్లీమీటరే లోకం. అతనూ ఊపిరి బిగబట్టే ఉంటాడు.

అలా చూస్తుంటే మీ ముగ్గురి సరిహద్దులు చెరిగిపోతాయి. తాడిపత్రి చింతల వెంకటరమణుని గుడిలో రాయి రథమై చక్రాలు తొడుక్కుంది. కోటగోడ మూలన కందిరీగ మట్టి ఉండలు తెచ్చి గదులు కడుతోంది, ఆ గోడ కట్టిన మేస్త్రికి తీసిపోకుండా. వానల తర్వాత మన మైదానాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగలు హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్తాయని శాస్త్రజ్ఞుల అంచనా. టికెట్టు లేదు, రిజర్వేషను లేదు.

ఇవి షష్ఠ్యంతాలు. ఆకు తిప్పి చూడనిచ్చిన పెరటికి; తలుపు తీయమంటే ఒక గంట ముందే తీసి, లోపల గబ్బిలాలున్నాయని కూడా చెప్పిన సమాధుల కాపలాదారుకు; కెమెరా చూసి అనవసరంగా హారను కొట్టి, చెయ్యూపి, ఫొటోకు నిండుదనం తెచ్చిన లారీ డ్రైవరుకు; “డౌను బండి లేటు బాబూ, ఆ వేపచెట్టు కింద కూర్చో” అన్న గేటుమన్‌కు; “ఈ పురుగులూ బస్సులూ ఎవరిక్కావాలయ్యా” అని విసుక్కుని, భోజనాలయ్యాక ఆ గొంగళిపురుగును ఇంకొంచెం పెద్దది చేసి చూపించమన్న మా బావగారికి.