వ్యాసమా, వ్యాసార్ధమా? మన వృత్తపాఠంపై కొన్ని మాటలు

వ్యాసంలో సగం వ్యాసార్ధం. వ్యాసార్ధానికి రెట్టింపు వ్యాసం. గణితంలో ఇంతకంటె సులభమైన సూత్రం మరొకటి ఉండదేమో! అయినా కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచుగా కనబడే తప్పు ఇక్కడిదే. రెండుతో భాగించడం వారికి రాక కాదు. చేతిలో ఉన్న అంకె వ్యాసమో, వ్యాసార్ధమో చూచుకోకపోవడమే కారణం. ఈ లోపం విద్యార్థిది కాదనీ, చాలవరకు మన పుస్తకాలలో వృత్తపాఠం నడిచే తీరుదనీ నా అభిప్రాయం.

ఇటీవల కాశిబుగ్గలో మా వాడకట్టు పిల్లవానికి ఒక లెక్క ఇచ్చినాను. 7 మీటర్ల వ్యాసం గల బావిని 10 మీటర్ల లోతు తవ్వితే ఎంత మట్టి వస్తుంది? అతడు చకచక లెక్క కట్టి 1,540 ఘనపు మీటర్లన్నాడు. సరియైన జవాబు 385. అడిగితే, "7 అంటే వ్యాసార్ధమే కద సార్!" అన్నాడు. అతడు చేసిన లెక్కలలో అంతవరకు అట్లాగే ఉన్నది మరి! తవ్వకానికి ఘనపు మీటరుకు ఇంత అని కూలి కట్టి ఇచ్చేవాడు ఇదే పొరపాటు చేస్తే, భూమిలో లేని 1,155 ఘనపు మీటర్ల మట్టికి డబ్బు చెల్లించవలసి వస్తుంది.

పాఠం సాధారణంగా ఎట్లా మొదలవుతుంది? వృత్తలేఖిని ముల్లును కాగితంపై గుచ్చి వృత్తం గీస్తాము. కేంద్రం ముందే తెలుసు. వ్యాసార్ధమూ ముందే తెలుసు. వ్యాసానికి ఒక వాక్యం దక్కుతుంది. ఆపైన సూత్రాలన్నీ వ్యాసార్ధంలోనే. అభ్యాసాలలో 7, 14, 21 అనే అంకెలు పదే పదే వస్తాయి. 22/7తో కొట్టివేయడానికి అవి అనుకూలం. క్రమంగా పిల్లవాడు ప్రశ్నను చదవడం మాని, అంకెను చూచి ఊహించడం నేర్చుకుంటాడు.

బయటి ప్రపంచం ఇందుకు విరుద్ధం. బావికి, గొట్టానికి, నాణేనికి, కుండ మూతికి ఎవరూ కేంద్రం గుర్తుపెట్టి ఉంచరు. బావి కేంద్రం గాలిలో ఉంటుంది. అక్కడ టేపు కొన పట్టుకునేదెవరు? ఒక కొనను ఒడ్డున నిలిపి, రెండవ కొనను ఎదుటి అంచు వెంట జరుపుతూ పోతే వచ్చే అన్నిటికంటె పెద్ద కొలతయే వ్యాసం. కొలిచేది వ్యాసాన్ని, సూత్రంలో వేసేది వ్యాసార్ధాన్ని. ఈ రెంటి నడుమ ఉన్న మెట్టునే మన పాఠం ఒక్క వాక్యంతో దాటివేస్తున్నది.

ఆ మెట్టు తప్పితే జరిగే నష్టం అన్నిచోట్ల ఒకటి కాదు. వ్యాసాన్ని వ్యాసార్ధంగా తీసుకుంటే పరిధి రెండింతలవుతుంది, వైశాల్యం నాలుగింతలు, గోళపు ఘనపరిమాణం ఎనిమిదింతలు.

మా ఓరుగల్లు కోటనే తీసుకోండి. కాకతీయులు 13వ శతాబ్దిలో కట్టించిన రాతిగోడ ఇంచుమించు వృత్తాకారంగా ఉన్నది. దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. వెలుపలి మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. అనగా మట్టికోట వ్యాసార్ధం కూడ 1.2 కిలోమీటర్లే! అంకె ఒక్కటే, కోటలు రెండు. రాతిగోడ లోపలి వైశాల్యం సుమారు 1.13 చదరపు కిలోమీటర్లు కాగా, మట్టికోటది సుమారు 4.52. "1.2 కిలోమీటర్ల కోట" అని మాత్రమే వ్రాసి ఊరుకుంటే, చదివేవాడు ఏ గోడ దగ్గర నిలబడవలె?

మన ప్రాచీనులు ఈ విషయంలో జాగ్రత్త పడినారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం 20,000 వ్యాసానికి పరిధి సుమారు 62,832 అని చెప్పింది. వైశాల్యానికి సగం పరిధిని సగం వ్యాసంతో గుణించమన్నది. 9వ శతాబ్దివాడైన మహావీరాచార్యుడు స్థూలగణనకు వ్యాసాన్ని మూడింతలు చేస్తే పరిధి అనీ, వ్యాసార్ధ వర్గాన్ని మూడింతలు చేస్తే వైశాల్యమనీ వేరువేరుగా చెప్పినాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు చేసినాడు. వ్యాసార్ధమనే పేరులోనే సూత్రం ఇమిడి ఉన్నది. ఇంగ్లీషువారి 'రేడియస్' లాటిన్ భాషలో బండి చక్రపు ఆకు. ఆ పేరులో సగం అనే మాట లేదు. ఇంత స్పష్టమైన మాట మన భాషలో ఉండగా, దాన్ని విడదీసి చూపకుండా కంఠస్థం చేయించడం విచారకరం.

వ్యాసార్ధం లేకుండా వృత్తాన్ని నిర్వచించడం కష్టం కదా అని కొందరు అనవచ్చు. నిజమే. కేంద్రం నుండి సమదూరంలో ఉండే బిందువుల సముదాయమే వృత్తం. వైశాల్య సూత్రం కూడ వ్యాసార్ధంలోనే పొందికగా ఉంటుంది. నా ఆక్షేపణ వ్యాసార్ధంపై కాదు. గీసే వృత్తంతో పాటు కొలిచే వృత్తాన్ని కూడ తరగతికి తేవలెనని మాత్రమే నా కోరిక. గాజు, పళ్ళెం, చెంబు మూతి తెచ్చి పిల్లలచేత వ్యాసం కొలిపించవలె. అభ్యాసాలలో సగమైనా వ్యాసంతో ఇవ్వవలె. ప్రతి అంకె పక్కన అది ఏమిటో మాటలలో వ్రాయించవలె.

జవాబును సరిచూచుకునే ఉపాయం కూడ ఒకటి ఉన్నది. ప్రతి వృత్తమూ తన వ్యాసమే భుజంగా గల చతురస్రంలో ఇముడుతుంది. అందుచేత దాని వైశాల్యం ఆ చతురస్రానికంటె తక్కువే కావలె. నాలుగింట మూడు వంతులకు కొంచెం ఎక్కువగా ఉంటుంది. మా వాడకట్టు పిల్లవాని బావి చుట్టూ నేను అట్టి చతురస్రమే గీసి చూపినాను. దాని వైశాల్యం 49 చదరపు మీటర్లు. అతడు బావి మూతికి కట్టిన వైశాల్యం 154! "పెట్టెకంటె లోపలి వస్తువు పెద్దదెట్లా అయింది?" అని తనలో తానే గొణుగుకొని, 154 కొట్టివేసి 38.5 అని వ్రాసినాడు. నేను సూత్రం మళ్ళీ చెప్పవలసిన అవసరం కలుగలేదు.