వేషం వద్దన్న పిల్లలు

స్కూలు వార్షికోత్సవం దగ్గరపడిందంటే నరసాపురంలో నాటకం వేయించే మాస్టారికి ఒక గండం తప్పదు. నెలరోజులు డైలాగులు బట్టీపట్టిన పిల్లవాడు ఉన్నట్టుండి "మానేస్తానండి" అంటాడు.

అసలు కారణం చాలాసార్లు నోరు విప్పి చెప్పడు. పదో తరగతి అయితే ఇంట్లో పరీక్షల పోరు. మొగల్తూరు వైపు నుంచి వచ్చే ఆడపిల్లకు ప్రాక్టీసు అయ్యేసరికి బస్సు వెళ్లిపోతుందన్న బెంగ. ఎనిమిదో, తొమ్మిదో చదివే కుర్రాడికి గొంతు మారే వయసు. పద్యం ఎత్తుకోగానే శ్రుతి జారుతుంది, తోటివాళ్లు నవ్వుతారు. వాడికి కావలసింది బుజ్జగింపు కాదు. పద్యం తీసేసి నాలుగు వచనం మాటలు ఇస్తే చాలు, ఉండిపోతాడు.

విజయవాడ ఎస్సారార్ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు విద్యార్థి ఎన్టీ రామారావును ఆడవేషం వేయమన్నారు. మీసం తీసేది లేదని రామారావు భీష్మించారు. అయినా వేషం చేజారలేదు. మీసంతోనే రంగమెక్కి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. పట్టింపు కన్నా పిల్లవాడు ముఖ్యమనుకుంటే ఇలాంటి దారులు దొరుకుతాయి.

చదువు చెడుతుందని భయపడే తల్లిదండ్రులకు చెప్పడానికీ ఇక్కడ కావలసినంత ఉంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు నాటకం ఆడించింది విద్యార్థుల చేతనే. ఇదే నరసాపురం వైఎన్ కాలేజీలో చదువుకుంటూ చిరంజీవి 'రాజీనామా' నాటకంలో నటించారు.

ఎంత చెప్పినా కొందరు వెళ్లిపోతారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషం కట్టవలసిన నటుడు రాలేదు. అతని బదులు ఆ వేషం కట్టిన కుర్రాడే స్థానం నరసింహారావు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి అదృష్టం ప్రతి బడికీ పట్టదు కాబట్టి ముఖ్యపాత్రలకు రెండో మనిషిని ముందే తయారు చేసుకోవాలి. తెర పక్కన నోటుబుక్కు పట్టుకుని ప్రాంప్టింగ్ చెప్పే పిల్లను ఒకసారి చూడండి. అందరి డైలాగులూ ఆ పిల్ల పెదాల మీదే ఉంటాయి.

మాస్టర్లకు ఒక విన్నపం. మానేస్తానన్న పిల్లల్ని అందరి ముందూ నిలదీయకండి. పక్కకు పిలిచి కారణం అడగండి. వేషం వద్దంటే తెర దగ్గరో, మేకప్ గదిలోనో పని ఇవ్వండి. అదీ వద్దంటే వెళ్లనివ్వండి, వచ్చే ఏడాది మళ్లీ అడగండి.