దేనికి గావాలె?

కత్తుల తయారీ మీద మనసు పడ్డవాళ్ళు ఎక్కువమంది ముందుగా ఉక్కు గురించే అడుగుతారు. లారీ కమాను పట్టీ మంచిదా, బేరింగు ఉక్కు మంచిదా, విదేశీ పట్టీలు తెప్పించుకోవాలా అని. అడగాల్సిన సంగతే గానీ, అది రెండో ప్రశ్న. మా ఊరి కమ్మరి దగ్గరికి కత్తి కోసం ఎవరు వెళ్ళినా ఆయన నోటి నుంచి ముందు వచ్చే మాట ఒకటే: "దేనికి గావాలె?" ఆ జవాబు వినందే కొలిమిలో బొగ్గు వేయడు. ఈ పనిలో నేను నేర్చుకున్న అసలు పాఠం ఆ ప్రశ్నే. మిగతాదంతా దాని వెనక నడుస్తుంది.

ఆవకాయ కత్తినే చూడండి. పచ్చి మామిడికాయను టెంకతో సహా ఒక్క దెబ్బకు ముక్క చేయాలి. దానికి బరువు కావాలి, వెన్ను మందంగా ఉండాలి, అంచు కాస్త మొద్దు కోణంలో ఉండాలి. పల్చటి అంచు టెంకకు తగిలితే మడత పడుతుంది, లేదా పెచ్చు ఊడుతుంది. అదే కత్తితో పండిన టమాటా కోయబోతే తోలు తెగకముందే పండు చితికి రసం కారిపోతుంది. ఉల్లిగడ్డ తెగదు, పగులుతుంది. మొద్దు కత్తితో తరిగితే కళ్ళు మరీ మండేది కూడా అందుకే. పొరలు తెగడానికి బదులు నలిగి, ఘాటంతా బయటికి కొడుతుంది. కూరగాయల కత్తికి పదును పెట్టకముందే అంచు మందం పావు మిల్లీమీటరు దరిదాపుల్లోకి రావాలి. ఆ తర్వాత ఒక్కో వైపు పదిహేను డిగ్రీల కోణంలో సాన పడితే చాలు. టెంక కొట్టే కత్తికి అంచు దగ్గర దానికి మూడింతలు మందం, ఇరవై అయిదు డిగ్రీల కోణం ఉంచుతాను.

పని ఏదో తేలితే ఉక్కు ప్రశ్న సగం తీరినట్టే. కమాను పట్టీలో కార్బన్ 0.6 శాతం దగ్గర ఉంటుంది. దెబ్బ ఓర్చుకోవడం దాని గుణం. రోడ్డు మీది గుంతలన్నీ ఓర్చుకున్న ఉక్కు టెంకను ఓర్చుకోదా? బేరింగు ఉక్కులో కార్బన్ ఒక శాతం. పల్చటి అంచును ఎక్కువ కాలం నిలుపుతుంది కాబట్టి వంటింటి కత్తికి నేను దాని వైపే మొగ్గుతాను. కొలిమి లేనివాళ్ళు పాత పవర్ హాక్సా బ్లేడుతో మొదలుపెట్టవచ్చు. బ్లేడంతా హైస్పీడ్ స్టీలే అయితే గట్టిదనం ముందే వచ్చి ఉంటుంది, అరగదీస్తే చాలు. అంచుకు మాత్రమే ఆ ఉక్కు అతికిన రకాలూ ఉంటాయి, చూసి తీసుకోవాలి.

ఇక నిప్పు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కత్తి కత్తి అయ్యేది ఇక్కడే, అదీ పైకి కనిపించకుండా. నేను ఈ పని సందె వేళ పెట్టుకుంటాను. ఎండలో ఎరుపు తెలియదు. కాలుతున్న పట్టీని అయస్కాంతానికి తాకించి చూస్తూ ఉండాలి. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం, ఎరుపు నారింజ వైపు తిరిగేదాకా పోనివ్వాలి. మరీ ఎక్కువైతే లోపలి రేణువులు పెరిగి ఉక్కు పెళుసుబారుతుంది. తగిన రంగు రాగానే గోరువెచ్చటి నూనెలో నిలువుగా ముంచాలి. అటూ ఇటూ ఊపితే వంకర పోతుంది. నీళ్ళలో ముంచితే ఇంకా వేగంగా చల్లారుతుంది గానీ, ఈ రకం ఉక్కులు ఆ వేగానికి తట్టుకోలేవు. నీళ్ళలోంచి సన్నగా 'టిక్' అని వినిపించిందంటే పగిలిందన్నమాటే. నూనెలోంచి తీసి తుడిచాక ఆకురాయితో గీకి చూస్తాం. గట్టిపడితే ఆకురాయి పట్టు దొరక్క జారుతుంది.

చాలామంది సంబరపడి ఇక్కడితో ఆపేస్తారు. అప్పటికి ఆ ఉక్కు కింద పడితే విరిగేంత పెళుసు. మళ్ళీ 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, ఇంకోసారి అలాగే చేయాలి. ఇంట్లో కేకులు చేసుకునే ఓవెన్ సరిపోతుంది. ముందే రుద్ది మెరిపించిన చోట లేత ఎండుగడ్డి రంగు తేలుతుంది. ఇంకా వేడి చేస్తే గోధుమ, ఊదా, నీలం వరసగా వస్తాయి. కూరగాయల కత్తి గడ్డి రంగు దగ్గరే ఆగాలి, టెంక కత్తిని గోధుమ రంగుకు దగ్గరగా పోనిస్తాను. తర్వాత బెల్ట్ గ్రైండర్ మీద అంచు పల్చబరిచేటప్పుడూ ఈ రంగుల భయం వెంటే ఉంటుంది. అంచున నీలం తేలిందా, అక్కడ గట్టిదనం పోయినట్టే. అందుకే పక్కన బకెట్ నీళ్ళు, వేడి తెలిసేలా ఉత్త వేళ్ళు, ముక్కుకు మంచి మాస్కు. ఇనుప ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నీటి అలల్లాంటి చారలున్న కత్తి చేయాలని ఈ పనిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఉంటుంది. నాకూ ఉంది. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది చాలావరకు రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా అతికి సాగగొట్టినది. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. అది మూసిన మట్టి మూసల్లో కరిగించి తీసిన ఒకటిన్నర శాతం కార్బన్ ఉక్కు. దాన్ని చేసిన చోట్లలో పేరున్న ఊరు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి కొలుములను చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. పారశీక వ్యాపారులు ఆ ఊరికి వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవాళ్ళు. తమ దేశంలో అలాంటిది చేయాలని చూసినా కుదరలేదని ఆయనతో చెప్పారట. ఆ వ్యాపారులు అంత దూరం చారల అందం ఒక్కదాని కోసమే వచ్చి ఉంటారని నేననుకోను. ఆ ఉక్కు ఎలాంటి కత్తి అవుతుందో తెలిసే వచ్చారు. అది మరీ ఎర్రగా కాలిస్తే సుత్తి కింద చిట్లుతుంది, తక్కువ వేడి మీద ఓపికగా సాగగొట్టాలి. అది తెలిసిన చేతులు మన పల్లెల్లో ఉండేవన్న సంగతి మన పిల్లల పాఠాల్లో ఇంకా గట్టిగా వినిపించాలి.

1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే పరీక్ష నాకు చాలా ఇష్టం. వేలాడే మోకును ఒక్క వేటుతో తెంపాలి, చెక్క దిమ్మెల్ని నరకాలి, అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గీయాలి. చివర కత్తిని వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచినా రెండుగా విరగకూడదు. గొప్ప పరీక్ష. కానీ అది అడవికి తీసుకుపోయే కత్తికి. వంటింటి కత్తిని ఎవరు వంచుతారు? నా కత్తులకు నేను పెట్టేది టమాటా పరీక్ష, బాగా పండినదానితో. నొక్కకుండా, కత్తి బరువుతోనే తోలు తెగాలి. తర్వాత కొత్తిమీర కట్ట. ఆకు నలిగి పలక మీద పచ్చటి మరక మిగిలితే మళ్ళీ సానరాయి దగ్గరికే.

కార్బన్ ఉక్కు కత్తి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పే ఇస్తాను. చింతపండు, నిమ్మకాయ, పచ్చి మామిడి తగిలితే నల్లబడుతుంది, కంగారు పడొద్దు, అది తుప్పు కాదు. వాడగానే కడిగి తుడిచి పెట్టుకోవాలి, తడిగా వదిలేస్తే మాత్రం తుప్పే.

ఇప్పుడు చేతిలో ఉన్న పని మా పెద్దమ్మ కత్తి. జీవితమంతా కత్తిపీట మీదే తరిగింది. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు కింద కూచోలేదు, నిలబడి తరగాలి. వేళ్ళ కణుపులు వాచి సన్న పిడి పట్టు చిక్కడం లేదు. దేనికని అడిగితే, "బెండకాయ, వంకాయ, గంతే బిడ్డా. బరువు వద్దు, చెయ్యి జారొద్దు" అంది. అందుకని వెన్ను రెండు మిల్లీమీటర్లు దాటనివ్వలేదు. పిడికి తుమ్మ కర్ర ఎండబెట్టి ఉంచాను. దాన్ని చెక్కే ముందు బంకమట్టి ముద్ద ఆమె చేతికిచ్చి, కత్తి పట్టినట్టే పట్టుకోమన్నాను. చూపుడు వేలు నేను అనుకున్నదానికంటే ముందుకు వచ్చి, వెన్ను మీద ఆనుతోంది. అక్కడ అంచులు గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే వేలు ఒరుసుకుపోతుంది.