పైపంక్తి, క్రిందిపంక్తి

మా కార్యాలయమున డెబ్బది కంప్యూటర్లకు ఇంటర్నెట్టును పంచిపెట్టు స్క్విడ్ అను ప్రాక్సీ సర్వరును, దాని వెలుపల ప్రాకారమువలె నిలుచు ఫైర్‌వాలును చిరకాలముగా నేనే కనిపెట్టుకొని యున్నాను. ఈ కొలువున నాకు బోధపడిన దేమనగా, నియమమును వ్రాయుట సులభమే గాని, దానిని ఏ పంక్తికి పైన, ఏ పంక్తికి క్రింద నిలుపవలెనో యెఱుఁగుట దుష్కరము.

స్క్విడ్ నియమావళిని పైనుండి చదువుచుఁ బోయి, అర్థికి సరిపడు తొలి నియమము కనఁబడినంతనే తీర్పు చెప్పివేయును. అటుపిమ్మట ఎంత దయగల వాక్యమున్నను దానివంక కన్నెత్తియైనఁ జూడదు. ఏ పంక్తియు సరిపడనిచో మఱియొక వింత: చిట్టచివరి పంక్తి నిషేధమైనచో అనుమతించును, అనుమతియైనచో నిషేధించును. ఈ వక్రబుద్ధికి వెఱచియే కాఁబోలు, అనుభవజ్ఞులు ‘అందఱికిని నిషేధము’ అను వాక్యమును అట్టడుగున శాసనమువలె నాటుదురు.

ఒక నెల 20వ తేదీన, జీఎస్టీ రిటర్నుకు గడువు ముగియు దినమున, అకౌంట్సు పెద్దాయన నా బల్లయొద్దకు వచ్చి, “ఏమండీ, పోర్టల్ తెరుచుకోవడం లేదు. మీ గోడ నా మీదే పడిందా ఏమిటి?” అనెను. స్క్విడ్ లాగ్ ఫైలు తెఱచి చూడఁగా, ఆయన కొత్త కంప్యూటరు చిరునామా ప్రక్కన ‘టీసీపీ డినైడ్ 403’ అను ముద్ర వరుసగాఁ బడియున్నది. అనుమతిని ముందునాఁడే వ్రాసితిని. వ్రాసినది ఆ శాసనమునకు దిగువన! పంక్తిని పైకెక్కించి రీకాన్ఫిగర్ చేయఁగానే పోర్టలు తెఱుచుకొనెను.

ప్రాక్సీ యెంత నిష్ఠగలదైనను, బ్రౌజరునుండి దాని చిరునామాను, 3128 అను పోర్టు సంఖ్యను తుడిచివేసి నేరుగా బయటపడఁజూచు చతురులు ప్రతి కార్యాలయమునను ఉందురు గనుక, 80, 443 పోర్టులకు వెలుపలికిఁ బోవు హక్కును ఫైర్‌వాలులో ప్రాక్సీకొక్కదానికే యీయవలెను. ఎవరేమి చదువుచున్నారో చెప్పుమని పైవారు అడుగుదురు. హెచ్‌టీటీపీఎస్ మార్గమున ప్రాక్సీకిఁ దెలియునది సైటు పేరే గాని లోపలి పుట కాదు. ఆ గుట్టును ఛేదించు ఉపాయములు లేకపోలేదు గాని, వానిపై నాకు మనసు పోలేదు.

ఒక ఆదివారము రాత్రి ఇంటినుండి ఫైర్‌వాలును సవరించుచు, నిషేధమును ముందుగా అమలుపఱచి, దూరమునుండి యంత్రమును చేరు నా ఎస్ఎస్‌హెచ్‌కు దారి నిచ్చు పంక్తిని పిదప వ్రాయుద మనుకొంటిని. ఆ పిదప యన్నది రాకమునుపే తెర బిగుసుకొని పోయెను. స్కూటరెక్కి పోయి, సర్వరు గదిలో మానిటరు తగిలించి చక్కదిద్దునప్పటికి అర్ధరాత్రము దాఁటెను. నాఁటినుండి ఏ మార్పునకైనను ముందు, అయిదు నిమిషములలో పాత నియమములను మరల నిలుపునట్లు యంత్రమునకు ఆజ్ఞ వ్రాసిపెట్టి, పని కుదిరిన పిమ్మట దానిని తుడిచివేయుచున్నాను. మొన్న తుడుచుట మఱచితిని. అయిదు నిమిషములకు పాతవన్నియు తిరిగివచ్చి కూర్చున్నవి.