మెల్లగా... మెల్లగా

దాచేపల్లి చుట్టుపక్కల మిరప కల్లాల్లో కాపలాకుండే కుక్కలకి చేతిలోంచి తినడం రాదు. వాటి తప్పేం లేదు. మిగిలిన అన్నం గట్టు మీద విసిరేస్తాం, నాలుగూ ఎగబడతాయి, ముందు అందుకున్న దానికే కడుపు నిండుతుంది. అలా పెరిగిన కుక్కకి బిస్కెట్ ఇవ్వబోతే బిస్కెట్‌తో పాటు వేళ్లూ నోట్లోకి పోతాయి.

మా కల్లంలో తిరిగే ఎర్రకుక్కకి ముందు రేబిస్ టీకా వేయించి, తర్వాత చేతిలోంచి మెల్లగా తినే పాఠం మొదలెట్టాను. ఆకలి మీదున్నప్పుడు ఏదీ తలకెక్కదు కాబట్టి మొదట కాస్త పెరుగన్నం పెడతాను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తానికి చేటు, అందుకని మన పచ్చడి మెతుకులు దానికి వద్దు. ఇక ఉడికించిన గుడ్డు ముక్క పిడికిట్లో మూసి దాని మూతి దగ్గర పెడతాను. నాకుతుంది, పంజాతో గీరుతుంది, ముందుపళ్లతో వేళ్ల సందులు వెతుకుతుంది. చెయ్యి కదపను. చివరికి విసిగి మూతి పక్కకి తిప్పుతుంది చూడండి, సరిగ్గా అప్పుడే ‘మెల్లగా’ అంటూ పిడికిలి విప్పాలి. కాస్త ఆలస్యమైనా ఎందుకిచ్చామో దానికి అర్థం కాదు. అరచెయ్యి చాపి, బొటనవేలు ఆనించి పెట్టాలి. వేళ్ల కొసలతో ఇవ్వొద్దు. మూతి ముందున్నది కుక్క కంటికి సరిగా ఆనదు, ముక్కుతో వెతుక్కుంటుంది. వేలేదో గుడ్డేదో తేల్చే పని పళ్ల మీద పడుతుంది!

భయపడి చెయ్యి వెనక్కి లాగితే ఇంకా ముందుకు దూకుతుంది. బజార్లో కుర్రాళ్లు పునుగు ముక్క పైకెత్తి కుక్కని ఎగిరించి నవ్వుతుంటారు. అదీ శిక్షణే, కాటు వేయడానికి. వీధికుక్కలకి కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. చోటు సంగతి సరే, పెట్టే చెయ్యి సంగతి ఎవరు చెబుతారు?

పన్ను గీరి తోలు లేస్తే మాత్రం పావుగంట సేపు సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికెళ్లి టీకా వేయించుకోవాల్సిందే.

ఎర్రకుక్క ఇప్పుడు నా చేతిలోంచి పెదాలతోనే అందుకుంటోంది. ఇంకొకరి దగ్గర మళ్లీ మొదటికే. అందుకని తాలుకాయలు ఏరే ఆవిణ్ణీ పెట్టమన్నాను. ‘‘ఏందయ్యా, ఈ కారం చేతుల్తోనా? ఒకసారి నాకిందంటే మళ్లీ నా మొహం చూసుద్దా?’’ అంది. నిజమే. ఆ మంట ఉత్త నీళ్లకి పోదు. నూనె రాసి, సబ్బుతో రుద్దుకుని వచ్చి పెట్టింది. పిల్లలకి మాత్రం ఈ పని ఇంకా అప్పజెప్పలేదు. ముక్క నేల మీద పెట్టి పక్కకి జరగమంటున్నాను.